పలక మీది ధర

“అణాన్నరా? అమీర్‌పేటల బుచ్చయ్య అణాకే ఇస్తుండు చాచా!” అంది రాజమణి. పదేళ్ల పిల్ల నోట అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

పంజాగుట్టలో ఫక్రుద్దీన్ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. ఇంకెక్కడైనా తక్కువకు దొరుకుతుందని చెబితే, ఆయనా అదే ధరకు ఇస్తాడు. నిజమో కాదో కనుక్కోడు. మాట చాలు.

“యుద్ధం రోజుల్ల దారం రీలు అణాకా! సరే, తీస్కో బేటీ.”

మిగిలిన అర్ధణాను రాజమణి లంగా చెరగున ముడేసుకుంది. ఎర్ర గాజులు కొనుక్కోవచ్చు! ఇంతలో ఫక్రుద్దీన్ ధరల పలక తుడిచి, ‘రీలు అణా’ అని రాశాడు.

“అదేంది చాచా?”

“నీ ఒక్కదానికేనా? అందరికి గదే ధర. నేను కొన్నదే అంతకన్న ఎక్కువ. సాయంత్రం సైకిల్ మీద పోయి బుచ్చయ్యనే అడుగుత, గింత సస్తా యాడ తెచ్చిండో.”

రాజమణి రీలు తీసుకుని ఇంటికి ఉరికింది.

ఇంట్లో అమ్మ పోశవ్వ మిషన్ కుడుతోంది. “ఏమే, ముఖం గట్ల పెట్టినవ్?”

“ఏం లేదమ్మా.” తేలు కుట్టిన దొంగ ఏమని చెబుతాడు?

వీధిలో సైకిల్ గంట మోగితే తలుపు చాటుకు పోయింది. చాచా వచ్చి అమ్మకు చెప్పేస్తే?

అంతలో పక్కింటి కాంతవ్వ వచ్చింది. “పోశవ్వా, ఫక్రుద్దీన్ భాయ్ దారం అణాకే ఇస్తుండు. నేను ఆరు తెచ్చిన!”

ఆరు! అయ్యో, ఇంకా ఎంతమంది కొన్నారో! రాజమణి పరుగు తీసింది.

ఫక్రుద్దీన్ అప్పుడే సైకిల్ బయటికి తీస్తున్నాడు.

“చాచా, పోకు! నేను అబద్ధం చెప్పిన. బుచ్చయ్య దుకాణానికి నేను పోనే లేదు.” చెమట పట్టిన అరచేతిలో అర్ధణా చూపించింది.

ఆయన తిట్టలేదు. దానికే ఆమెకు ఎక్కువ భయమేసింది.

“ఇరవై రీళ్లు అమ్మిన బేటీ. రేపటి సంది ఎవరన్న ధర చెప్తే నమ్మాల్నా, వద్దా?”

రాజమణికి ఏడుపొచ్చింది. చెరగుతో పలక తుడిచి, ‘అణాన్నర’ అని రాసింది.

వారం తర్వాత అమ్మ గుండీలు తెమ్మంది. రాజమణి ముందు అమీర్‌పేట దాకా నడిచి ధర అడిగి, తిరిగి పంజాగుట్ట వచ్చింది. చాచా ముఖం చూడాలంటే ఇంకా భయమే.

“బుచ్చయ్య ఎంతకిస్తుండు?” అన్నాడు ఫక్రుద్దీన్.

“నీకన్న ఎక్కువకే చాచా. అడిగే వచ్చిన.”

ఫక్రుద్దీన్ ఆమె దుమ్ము కాళ్లు చూశాడు. ఇంకేమీ అడగకుండా గుండీలు పొట్లం కట్టాడు.