మిణుగురుల ఏటికి ఇరవై మందే

ఫణి పెట్టిన పోస్టర్ ముందు నిలబడి ఆ అమ్మాయి నవ్వింది. అది సరుకు నచ్చి నవ్విన నవ్వు కాదని ఫణికి వెంటనే అర్థమైంది. ఎనిమిదేళ్ళుగా విమానం టికెట్లు అమ్ముకుంటున్నవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

అమెరికాలో సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో తెలుగువాళ్ళ ఉగాది మేళా జరుగుతోంది. బయట అలవాటు ప్రకారం చినుకులు. లోపల దోసెల స్టాల్ పక్కన ఫణి ట్రావెల్స్ టేబుల్, దాని వెనక అతని మొట్టమొదటి టూర్ పోస్టర్.

"ఇది లినావాన్ ఫోటో కాదు," అంది ఆమె. "నేను రెండేళ్ళు అక్కడ ఉన్నా. అంత పెద్ద వాటర్‌ఫాల్ అక్కడ లేదు. మోటర్ బోట్లు అసలే లేవు."

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఎవరొస్తారండీ?"

"ఉన్నది మీరు చూశారా?"

చూడలేదు. ఫిలిప్పీన్స్‌లో ఆ మారుమూల ఊరి పేరు అతను నెట్‌లో పట్టుకున్నాడంతే.

ఆమె పేరు స్పందన. పుట్టింది ఇక్కడే. చదువులో భాగంగా లినావాన్ వెళ్ళి రెండేళ్ళు మడ చెట్లు లెక్కపెట్టి వచ్చింది. ఫణి చేతిలో టీ చల్లారిపోయేదాకా ఆ ఊరి గురించి చెబుతూనే ఉంది. ఒకప్పుడు ఆ మడ అడవిని బొగ్గు కోసం నరికినవాళ్ళే ఇప్పుడు సంఘం పెట్టుకుని, వచ్చినవాళ్ళను తెడ్డు పడవల్లో ఏటి మీద తిప్పుతున్నారట. చీకటి పడగానే చెట్టు చెట్టుకీ మిణుగురులు దీపాలు పెడతాయట. జలపాతం రెండంతస్తుల ఎత్తే గానీ, దాని కింద నిలబడి తల తడుపుకోవచ్చట.

ఫణి మనసులో లెక్క వేశాడు. సరుకు మీద ఇంత నమ్మకమున్న మనిషి ఎదురు నిలబడితే నష్టం, పక్కన కూర్చుంటే లాభం. అక్కడికక్కడే పోస్టర్ ఊడదీశాడు. మరుసటి శనివారం నుంచి ఆ టూర్‌కి స్పందన గైడ్.

ఆమె పెట్టిన షరతు ఒక్కటే. సాయంత్రానికి ఇరవై మందికి మించి ఏటి మీదికి వెళ్ళకూడదు, మోటర్ చప్పుడు ఉండకూడదు. అది ఆ ఊరివాళ్ళు పెట్టుకున్న కట్టడి. సంఘం నడిపే మారిసెల్‌కి ఆమె ఫోన్ చేసి ఇరవై మందిని తెస్తానని మాట ఇచ్చింది.

శనివారాలు కాఫీ షాప్‌లో గడిచాయి. పని గంటలో అయిపోయేది, కబుర్లు మూడు గంటలు పట్టేవి. స్పందన జోక్ చెప్పకముందే నవ్వేస్తుంది, ఆ తర్వాత జోక్ మరిచిపోతుంది. ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకోవడం తన వ్యాపారానికి ఏ విధంగా అవసరమో ఫణికి తేలలేదు. "మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో కూడా తేలలేదు.

లిస్టులో పన్నెండు పేర్లు వచ్చాయి. ఇంకా ఎనిమిది ఖాళీలని ఇద్దరూ దిగులు పడుతూ, పేర్లిచ్చినవాళ్ళను పాస్‌పోర్ట్ కాపీలు పంపమన్నారు.

నలభై వచ్చాయి.

పిక్నిక్ అయినా, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ అయినా మనవాళ్ళు లిస్టులో ఇంటిపెద్ద పేరు రాసి ఊరుకుంటారు. భార్య, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు అందులోనే ఉన్నట్టు లెక్క. ఫణి కూడా పుట్టి పెరిగింది ఆ పద్ధతిలోనే కాబట్టి, ఎంతమందని అడగాలని అతనికి తోచలేదు.

అందరికన్నా పెద్ద కుటుంబం వెంకటేశ్వర్లు అంకుల్‌ది, ఏడుగురు. రిటైరైన గుండె డాక్టర్. సమస్య వినగానే ఆయనే దారి కనిపెట్టాడు. లినావాన్ పక్క ఊళ్ళో ఎవరికో యాభై మంది పట్టే మోటర్ బోట్ ఉందట. అందరూ ఒకేసారి వెళ్ళొచ్చు, బోట్‌లో అంత్యాక్షరి పెట్టుకోవచ్చు. ఫణికి అది నష్టం లేని బేరంలా కనిపించింది. స్పందనకి అదే చెప్పాడు.

ఆమె లాప్‌టాప్ మూసేసింది. "నువ్వు ఆ బోట్ బుక్ చేస్తే నేను రాను. కోపం కాదు ఫణీ. మారిసెల్ ముఖం చూడలేను."

గొడుగు కూడా విప్పకుండా వానలోకి వెళ్ళిపోయింది. ఎదుటి కుర్చీ ఖాళీ అయ్యాక ఫణి మళ్ళీ లెక్క వేశాడు. ఎన్నిసార్లు వేసినా ఆ బేరంలో పోయేదే ఎక్కువ కనిపించింది. ఫోన్ తీసి మారిసెల్‌కి కాల్ చేశాడు.

మర్నాడు లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో పన్నెండు కుటుంబాల ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది. పేర్లు అడిగాను, మనుషుల్ని అడగలేదు. మోటర్ బోట్ ఉండదు. ఒక సాయంత్రం ఇరవై మంది ఏటి మీద, మిగతా ఇరవై మంది ఊరివాళ్ళ ఇళ్ళల్లో భోజనం. మరుసటి సాయంత్రం మారతారు. ఇష్టం లేనివాళ్ళకి అడ్వాన్స్ ఇప్పుడే తిరిగి ఇచ్చేస్తాను."

"మా ఏడుగురినీ విడదీస్తావా ఏమయ్యా?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"విడదీయను అంకుల్. కానీ పడవలో పాటలు కుదరవు."

ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మొదటి టూర్ ఇక్కడే మునిగిందనుకున్నాడు ఫణి. అప్పుడు కనిపించింది, గుమ్మం దగ్గర తడిసిన జుట్టుతో స్పందన. మారిసెల్ మెసేజ్ పెట్టినట్టుంది.

డాక్టర్ గారి భార్య ప్రమోద ఆంటీ లేచింది. "నలభై ఏళ్ళుగా మీతో టూర్లు తిరుగుతున్నానండీ. ఎక్కడా కాసేపు నిశ్శబ్దం దొరకలేదు. బాబూ, మా ఏడుగురినీ మొదటి సాయంత్రం వెయ్యి."

గది గొల్లుమంది. అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా నవ్వింది వెంకటేశ్వర్లే. అరగంటలో రెండు సాయంత్రాలూ నిండిపోయాయి. అడ్వాన్స్ వెనక్కి అడిగినవాడు లేడు.

అందరూ వెళ్ళాక స్పందన లిస్టులు చేతిలోకి తీసుకుంది. "ఇరవై, ఇరవై. మరి మనం?"

"మనకి చోటు లేదు. మూడో సాయంత్రానికి చిన్న పడవ ఒకటి చెప్పాను. ఇద్దరే పడతారు."

"కావాలనే చేశావా?"

"ఇన్నేళ్ళలో ఇంత కావాలని ఏదీ చేయలేదు. నిన్ను ప్రేమిస్తున్నాను స్పందనా. ఇందులో బేరం లేదు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఆ సాయంత్రం వాన పడితే?"

"నాలుగో సాయంత్రం వెళ్దాం."

"అప్పుడూ పడితే?"

"అయిదో సాయంత్రం."

"అయితే పడనీ," అని స్పందన అతని చెయ్యి పట్టుకుంది.