పిచ్చుకని మాత్రం తీయకు

సెలవు రోజున ఆఫీసు భలే మర్యాదగా ఉంటుంది. తొందరపెట్టేవాళ్ళుండరు, కాఫీ మిషను దగ్గర నిలబెట్టి సొంత గొడవలతో బుర్ర తినేవాళ్ళు అసలే ఉండరు. అందుకే సర్వర్లు చూసుకునే ఆవిడ ఆ పనిని సెలవు రోజు మధ్యాహ్నానికి పెట్టుకుంది. స్వెట్టరు వేసుకుని, గార్డుకి తలూపి, బేస్‌మెంటులో ఉన్న సర్వరు గదిలోకి వెళ్ళింది. కిటికీల్లేని గది. బయట ఎండైనా వానైనా లోపల ఒకటే చలి, ఫ్యాన్ల ఒకటే హోరు, వేడెక్కిన దుమ్ము వాసన.

పని చిన్నదే. పాత అప్లికేషన్ సర్వరులోని కాన్ఫిగరేషన్ ఆబ్జెక్టుల్ని వెతికి తీసెయ్యాలి. లేకపోతే కొత్త సర్వరు వాటిని వెతుక్కుంటూ మొరాయిస్తుంది. సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి పాతదాని ప్లగ్గు పీకేస్తాడు. ఆబ్జెక్టులంటే మరేం లేదు, ఏ ప్రోగ్రాము ఎక్కడ నడవాలి, దేనితో మాట్లాడాలి అని సర్వరు గుర్తుపెట్టుకునే సంగతులు. ఒక్కోదానికి ఒక్కో పేరు. పెద్ద డబ్బాలో చిన్న డబ్బాలాగ ఒకటి ఇంకోదాని లోపల ఉంటుంది. చేత్తో వెతికితే ఏళ్ళు పూళ్ళు పడుతుంది కాబట్టి స్క్రిప్టు రాస్తారు. పేరు చెబితే స్క్రిప్టు ఆ ఒక్కటే వెతికి తెస్తుంది. పేరు దగ్గర ఖాళీ వదిలేస్తే ఉన్నవన్నీ తెస్తుంది.

ఆ సర్వరుని మొదట్నుంచీ కట్టింది తాతగారు. ముప్పై ఏళ్ళకే జుట్టంతా నెరిసిపోవడంతో ఆఫీసులో ఆయనకి ఆ పేరు పడింది. లోకమంతా ఆబ్జెక్టులకి నంబర్లు పెట్టుకుంటే ఆయన మాత్రం మనుషుల ముద్దుపేర్లు పెట్టేవారు. ఆమెను అమ్మడూ అని పిలిచేవారు, ఆ పేరుతో ఒకటుండేది. ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఇంకా పుట్టని బిడ్డకి కూడా ఒకటి తయారుచేసి, "ఇదిగో, మన పిచ్చుక!" అని చూపించి మురిసిపోయారు. తర్వాత పిల్లకి ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది.

ఒకసారి మేనేజరు పట్టుబట్టి జంబో అనేదాన్ని తీయించాడు. మర్నాడు తాతగారు గుమ్మంలోనే ఆగిపోయి, "జంబో ఏడీ?" అన్నారు.

"జంబో ఎవరు తాతగారూ?" అంది ఆమె.

ఆయన ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆమె పక్క టేబులు వంక చూశారు. అది ఎప్పుడూ ఖాళీయే. ఏనుగు బొమ్మ ఉన్న కప్పు ఒకటి దానిమీద ఉండేది, ఎవరిదో ఎవరికీ తెలియదు. పెద్దాయనకి మతి తప్పుతోందని అందరూ చాటుగా నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది.

కిందటి నెల ఆయన పోయారు. పోయేముందు ఆస్పత్రిలో ఆమె చెయ్యి పట్టుకుని గొణిగారు.

"పిచ్చుకని మాత్రం తీయకమ్మా..."

ఇప్పుడు ఎవరూ చూడ్డం లేదు కదా అని స్క్రిప్టులో ఒక లైను ఎక్కువ రాసింది. దొరికినవన్నీ తీసెయ్యి, పిచ్చుకని వదిలెయ్యి. ఆ ఒక్కదాన్నీ గుట్టుచప్పుడు కాకుండా కొత్త సర్వరులోకి చేర్చేద్దామనుకుంది. చదువుకున్నదాన్ని, నాకిదేం పిచ్చి అని తనని తాను తిట్టుకుంది కూడా. అయినా కన్నబిడ్డ దగ్గరికొచ్చేసరికి ఎవరి ధైర్యం ఎంత!

మొదలుపెట్టేముందు ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ ఎత్తింది.

"దానికి దగ్గు తగ్గిందా అమ్మా?"

"ఎక్కడ తగ్గిందే! ఇందాకట్నుంచీ ఖళ్ళు ఖళ్ళుమంటూనే ఉంది. మందు తాగవే అంటే నువ్వొస్తే గానీ తాగదట. అంతా నీ పోలికే, జగమొండి."

వెనక దగ్గు వినిపించింది. పొడి దగ్గు, చివర సన్నటి ఈల.

"అమ్మా, తొందరగా రా!" అని అరిచింది పిల్ల.

"ఇదిగో, అయిపోయిందమ్మా. వచ్చేస్తున్నా."

స్క్రిప్టు నడిపించింది. తెర మీద పేర్లు ఒక్కొక్కటే పైకి జరిగిపోతున్నాయి. తీసేశాను, తీసేశాను, తీసేశాను. మధ్యలో 'పిచ్చుక: వదిలేశాను' అని కనబడగానే ఆమె ప్రాణం కుదుటపడింది. దాని కిందే 'అమ్మడు: తీసేశాను' అని వచ్చింది. తన పేరు చూసి నవ్వొచ్చింది. పిల్ల గురించి తప్ప తన గురించి ఆమెకసలు తట్టనేలేదు.

అంతలో ఆ నవ్వు ఆగిపోయింది.

తాతగారు పిచ్చుకని ఎప్పుడు తయారుచేశారు? తను కడుపుతో ఉన్నప్పుడు. ఎక్కడ పెట్టారు?

అమ్మడు లోపల.

పెద్ద డబ్బా పారేస్తే లోపలున్న చిన్నదీ పోతుంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఆమె చెప్పే పాఠం అది.

అయినా ఫరవాలేదు. ఈ సర్వరులో ఏది తీసినా, సేవ్ అనేదాకా నిజంగా పోయినట్టు కాదు. ఇప్పుడు ఆపేస్తే ఎక్కడివక్కడే ఉంటాయి. ఆమె చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళేలోపే ఆఖరి లైను వచ్చేసింది.

'సేవ్ చేశాను.'

ప్రతి స్క్రిప్టు చివరా ఆ మాట రాయడం ఆమెకి అలవాటు. చేతులు వాటంతటవే రాసేస్తాయి.

మళ్ళీ ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా! పిచ్చుకేం చేస్తోంది?"

"ఎవరు కావాలండీ?"

"అమ్మా, నేను..."

"నంబరు తప్పేమో చూసుకోండి."

"నేనమ్మా, నీ కూతుర్ని! పాపకి ఒక్కసారి ఫోనివ్వు!"

అవతల ఇంట్లో టీవీ మోగుతోంది. దగ్గు లేదు.

"నాకు పిల్లల్లేరు తల్లీ," అంది వాళ్ళమ్మ జాలిగా. "కంగారుపడకు. నంబరు సరిగ్గా చూసుకుని చెయ్యి."

ఫోను పెట్టేసిన చప్పుడు. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. స్క్రిప్టులో పేరు రాసింది. పిచ్చుక. వెతుకు.

దొరికింది.

స్థితి: నడుస్తోంది.

దేని లోపల ఉంది...? అక్కడ ఖాళీ.

"పిచ్చుకా..." గుసగుసగా పిలిచింది.

మెషీన్ల వెనకనుంచి... పొడి దగ్గు. చివర సన్నటి ఈల.

పరిగెత్తింది. వెనక వైర్లు. గోడ. ఎవరూ లేరు. దగ్గు ఇప్పుడు ఇటువైపు... ఇటొస్తే అటువైపు...

తలుపు తెరుచుకుంది. గార్డు, వెనక ఎలక్ట్రీషియన్.

"ఎవరండీ మీరు? లోపలికెలా వచ్చారు?"

"నేనే! ఇందాక మీకు తలూపి వచ్చాను కదా!"

"మిమ్మల్నెప్పుడూ చూళ్ళేదే!" గార్డు ఆమె కార్డు తీసుకుని తలుపు దగ్గర పెట్టి చూశాడు. దీపం వెలగలేదు.

"ప్లగ్గు తియ్యొద్దు! దండం పెడతా. లోపల మా పాపుంది. దగ్గుతోంది, వినండి!"

గార్డు మంచివాడు. నిజంగానే చెవి ఒగ్గి విన్నాడు.

"అది ఫ్యాను చప్పుడండీ," అని మెల్లగా చెప్పి, ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. అద్దం తలుపు మూసుకుంది. ఆమె దానికి రెండు చేతులూ ఆనించి చూస్తూ నిలబడింది. లోపల ఎలక్ట్రీషియన్ వంగి ప్లగ్గు పీకాడు.

ఫ్యాన్లు నెమ్మదించాయి. ఒక్కొక్కటే ఆగిపోయాయి. అన్నీ.

ఆ నిశ్శబ్దంలో... ఖళ్ళుమని దగ్గు. చివర ఈల.

ఎలక్ట్రీషియన్ సామాను అక్కడే వదిలేసి బయటికొచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు. గార్డు తాళం వేశాడు.

"లోపల ఎవరూ లేరు కదా?" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ మెట్లవైపు నడిచాడు.

తలుపు అద్దం మీద, ఆమె నడుమెత్తున, గుండ్రంగా ఆవిరి పట్టింది. గార్డు జేబురుమాలు తీసి తుడిచాడు. పోలేదు. అది లోపలివైపు ఉంది.

దాని పక్కనే, బాగా పైన, ఏనుగంత మనిషి ముఖం వచ్చేచోట, ఇంకోటి పట్టింది.