రెండోసారి తీసిన గాలి

పడమటి ఆస్ట్రేలియాలోని పెరాన్ జాతీయ ఉద్యానం గేటు దగ్గర, జూలై చలిలో, పొద్దున్న ఏడింటికే క్లెమ్ మోకాళ్ల మీద కూర్చుని టైర్లలో గాలి తీస్తున్నాడు. గేటు దాటితే సముద్రపు కొస దాకా యాభై కిలోమీటర్లు ఎర్ర ఇసుక. గాలి తగ్గించకుండా ఆ ఇసుకలో దిగినవాడి కారును లాగడానికి ఇంకో కారు రావాలి, వాడి పరువును లాగడానికి ఊరంతా వస్తుంది.

"టైరుకు పొగరు దిగితేనే దారికొస్తుందే బ్రైడీ," అన్నాడు కూతురితో. "గాలి నిండా ఉన్నది ఏదైనా కూరుకుపోవాల్సిందే. మీ మేనమామను చూడలేదూ?"

"గేజీ పెట్టి కొలవవా నాన్నా?"

"నలభై ఏళ్లు గాలిమరలు బాగుచేసిన చెవులివి. వంద లెక్కపెడితే సరిగ్గా ఇరవై పౌండ్లకు దిగుతుంది. గేజీలు మీ పెర్త్ వాళ్లకి."

బ్రైడీ నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. వారం సెలవు పెట్టి, విమానమెక్కి వచ్చింది సముద్రం చూడటానికి కాదని తల్లి లోర్నాకు తెలుసు. నాన్న చేతిలో కారు తాళాలు ఉండాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చింది. తాళాలు పోతే ప్రయాణాలు పోతాయి. లోర్నాకు ఇసుకలో నడపడం రాదు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి శీతకాలం ఇద్దరూ ఆ ఎర్రకొండల కొసకు వెళ్తూనే ఉన్నారు. ఈ ఏడూ వెళ్లాలి. ఇంకొక్కసారి. లోర్నా ఆశ అంతే, పెద్దదేం కాదు. అంతకంటే పెద్దది ఆమెకు లేదు కూడా.

టీ తాగారు. క్లెమ్ తన పాత జోకులు రెండు చెప్పాడు, అందులో ఒకటి రెండుసార్లు. లోర్నా కప్పులు కడుక్కుని కుళాయి దగ్గర నుంచి తిరిగొచ్చేసరికి టైరు మళ్లీ బుస్సుమంటోంది. క్లెమ్ ముందు చక్రం దగ్గర కూర్చుని పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. మొదటిసారి కూర్చున్నవాడిలాగే, అదే శ్రద్ధతో.

ఒక్క మాట అంటే చాలు. కానీ బ్రైడీ కారులో కూర్చుని ఫోను చూసుకుంటోంది. మాట బయటపడితే ఆ పిల్ల కారు వెనక్కి తిప్పించేస్తుంది. లోర్నా కప్పులు సర్దింది. నాలుగు చక్రాలూ అయ్యేదాకా, తుడిచిన కప్పులనే తుడుస్తూ నిలబడింది.

పన్నెండో కిలోమీటరు మలుపులో ముందు టైరు రిమ్ము నుంచి ఊడి పక్కకు పడుకుంది. కారు ఇసుక చాళ్లలో వాలి ఆగిపోయింది. బ్రైడీ దిగి, తన సంచిలోంచి గేజీ తీసి మిగతా మూడింటికీ పెట్టింది.

"ఎనిమిది. తొమ్మిది. ఎనిమిది. ఇరవై అన్నావు కదా నాన్నా?"

"నీ గేజీ పాడైంది."

"పాడైంది గేజీ కాదు."

క్లెమ్ ముఖం చూసి లోర్నా ఉండబట్టలేకపోయింది.

"రెండుసార్లు తీశాడు. నేను చూశాను."

"చూసి నోరు మూసుకున్నావా?" అంది బ్రైడీ. "మనం బోల్తా పడుంటే? ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావమ్మా ఇది?"

"పోయిన శీతకాలం నుంచి."

"ఎందుకు?"

"ఎందుకంటే చెబితే ఇంట్లో కూర్చోబెడతావు. నాకు ఆ కొస మీద ఈయన పక్కన నిలబడాలని ఉంది. పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఈయనకు తెలిసి ఉండగానే. ఆ తర్వాత నీ ఇష్టం, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాం."

బ్రైడీ తల్లి భుజం మీద నుదురు ఆనించి ఏడ్చింది. "నాకు చెప్పుంటే నేనే తీసుకొచ్చేదాన్ని కదే," అంది, చిన్నప్పటిలాగా.

క్లెమ్ ఇసుకలోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "నేనిక్కడే ఉన్నానర్రా. మతి పోతోంది గానీ మనిషిని పోలేదు." జేబులోంచి తాళాలు తీసి లోర్నా చేతిలో పెట్టాడు. "నాకు తెలీదనుకున్నావా? నువ్వు దాస్తున్నావని నాకు తెలుసు. నీకు తెలుసని తెలియనట్టు నేనూ దాస్తున్నాను. మంచి జంటే మనది."

"నాకు ఇసుకలో రాదు క్లెమ్."

"నాకు నోరుందిగా, పక్కనుంచి చెబుతా. అది నలభై ఏళ్లుగా ఆగింది లేదని నువ్వే అంటావు."

జాకీ ఎత్తడం, టైరును రిమ్ములోకి కూర్చోబెట్టడం, పంపుతో నాలుగింటికీ గాలి నింపడం అన్నీ ఆయన చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. బ్రైడీ గేజీ పట్టుకుని ఇరవై దగ్గర ఆపింది. ఆయన వాల్వు మూత బిగించాడు.

లోర్నా మొదటిసారి కుడివైపు ఎక్కింది. "స్టీరింగును గట్టిగా పట్టుకోకు. అది తన చాలు తనే వెతుక్కుంటుంది. ఆపకు, అంతే," అన్నాడు క్లెమ్. ఆమె ఆపలేదు. గంటన్నర తర్వాత పొదలు పలచబడ్డాయి, ఎడమవైపు నేల తెగి, కింద సముద్రం మొదలైంది. క్లెమ్ మాటలు ఉన్నట్టుండి ఆగాయి.

"ముప్ఫై ఏళ్లూ సముద్రం ఈ పక్కనే ఉందా లోర్నా?"

"ఎక్కడికి పోతుంది?"

"నేను చాళ్లే చూశాను. ఒక్కసారి కూడా తలెత్తలేదు." ఆయన కిటికీ దించాడు. "ఎంత ఉందే ఇది."

లోర్నాకు తల తిప్పాలనిపించింది. తిప్పితే చక్రం చాలు తప్పుతుంది. ఇన్నేళ్లు తన వాటాకు వచ్చిన సముద్రం ఇప్పుడు ఆయన పక్కన పరుగెడుతోంది.

"నాకు కనబడదు. ఏముందో చెప్పు," అంది.

"ఎర్రమట్టి ఉంది. దాని కిందే తెల్ల ఇసుక. తర్వాత నీళ్లు, పచ్చగా. ఆ నీళ్లలో ఒకటి మేస్తోంది చూడూ, లావుగా, బద్ధకంగా... దాన్నేమంటారు..." ఆయన వెతుక్కున్నాడు. దొరకలేదు.

వెనక సీట్లో బ్రైడీ పేరు అందించబోయి, అద్దంలో తల్లి కళ్లు చూసి ఊరుకుంది.

"పేరు లేకపోతే పోనీలే," అంది లోర్నా, దారి మీద నుంచి చూపు తిప్పకుండా. "అది ఏం చేస్తోందో చెప్పు."