కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

బ్రీఫింగ్ రూమ్‌లో ఏసీ పాడైంది. బాస్ మొహం మాత్రం చల్లగానే ఉంది. ఒకప్పుడు అతనికి తుపాకి పట్టుకోవడం నేర్పింది గురువుగారే. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ అంతా ఆయన్ను అలాగే పిలుస్తుంది. అసలు పేరు ఆయనకే గుర్తుండి చావదు.

"ఫారిన్ గ్యాంగ్. టార్గెట్ పెద్ద చర్చి. సోమవారం పోలింగ్," అన్నాడు బాస్.

మిగతాది గుక్కతిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. ఆ చర్చి పాస్టరుగారి గొంతును కంప్యూటర్‌లో అచ్చుగుద్దినట్టు తయారుచేశారు. ఆదివారం ఆరాధనలో అది మైకులోంచి పలుకుతుంది. ఫలానా పార్టీకి ఓటెయ్యనివాడు విశ్వాసే కాడని, పక్కవీధివాళ్లు మన చర్చి కూల్చడానికి వస్తున్నారని చెబుతుంది. ఆ తర్వాత వీధి తగలబడటానికి ఎంతోసేపు పట్టదు. కబురు అందించింది క్వాయర్‌లో పాడే అందగత్తె, గ్యాంగ్‌లో మనం పెట్టిన మనిషి. కోడ్‌నేమ్ కోయిల. మీట నొక్కేది ఎవరో తనకూ తెలీదందట.

గురువుగారు నిట్టూర్చారు. ఆ చర్చిలో మూడో వరసలో ఆయన సొంత అక్క కూర్చుంటుంది. కూరలో ఉప్పు తగ్గించమని డాక్టర్ చెబితే, పాస్టరుగారిని అడిగొచ్చి మరీ తగ్గించిన మనిషి. ఆ గొంతు ఏం చెప్పినా నమ్మేస్తుంది.

ఆదివారం ఆయన సౌండ్ మెకానిక్ వేషంలో, టూల్‌బ్యాగ్ మోసుకుంటూ, నొప్పెడుతున్న మోకాళ్లను తిట్టుకుంటూ వెళ్లారు. గుమ్మంలోనే అక్క కంటపడ్డారు. తమ్ముడు చర్చి మొహం చూసి ఎన్నేళ్లయిందో. అక్క వేషమూ చూడలేదు, బ్యాగూ చూడలేదు. కళ్లు ఒత్తుకుంటూ, "నా ప్రార్థన ఊరికే పోలేదురా," అంది. అబద్ధాలాడటమే ఉద్యోగమైన మనిషి తలొంచుకుని లోపలికి నడిచారు.

ఆంప్లిఫయర్ వెనక వెతికితే వైర్ల చిక్కుముడి తప్ప ఏమీ కనపడలేదు. పాటలయ్యాయి. పాస్టరుగారు మోకరించి, అలవాటు ప్రకారం చెవిమిషన్ తీసి జేబులో వేసుకున్నారు. ప్రార్థనలో ఆయనకు దేవుడి మాట తప్ప ఇంకేదీ వినపడక్కర్లేదు. చర్చంతా కళ్లు మూసుకుంది.

అప్పుడు వెలిగింది గురువుగారికి. పెదాలు కదలకుండా గొంతు పలికినా ఇప్పుడు చూసేవాళ్లు లేరు. అది తన గొంతు కాదని చెప్పాల్సిన పెద్దమనిషికి వినపడదు. ఈ అలవాటు తెలిసేది రోజూ ఇక్కడ మోకరించేవాళ్లకే. ఆయన తలెత్తి చూశారు. అంతమందిలో తెరిచి ఉన్న కళ్లు ఇంకో జత మాత్రమే. కబురందించిన కోయిలే, క్వాయర్‌లోంచి ఆయన్నే చూస్తూ చిన్నగా నవ్వి, తన చేతి వాచీ మీది బటన్ నొక్కింది.

"ప్రియమైన విశ్వాసులారా..." అన్నాయి స్పీకర్లు.

గురువుగారు మోకాళ్ల సంగతి మరిచిపోయి నేలమీద పడి, వైర్లన్నీ ఒక్కపట్టున పీకేశారు. అగ్గిపెట్టంత బాక్స్ ఒకటి వాటితోపాటు ఊడి చేతికొచ్చింది. గొంతు ఆగిపోయింది. మూడో వరసలోంచి అక్క, "ఆమేన్," అంది.

అందరూ కళ్లు తెరిచేసరికి క్వాయర్‌లో ఒక మనిషి తక్కువైంది. గురువుగారి సైగతో, మఫ్టీలో ఉన్న డిపార్ట్‌మెంట్ వాళ్లు కోయిలను చప్పుడు కాకుండా పక్క తలుపులోంచి తీసుకెళ్లిపోయారు.

వేదిక వెనక, నీళ్లు నింపి ఉంచిన బాప్తిస్మం తొట్టి పక్కన నిలబడి ఆయన ఫోన్ చేశారు. బాస్ తెగ మెచ్చుకుని, ఆనక గొంతు తగ్గించాడు.

"ఆ బాక్స్ జాగ్రత్తగా తెండి గురువుగారూ. పార్టీ పేరొక్కటి మారిస్తే మనకూ పనికొస్తుందని పైనుంచి అడుగుతున్నారు."

గురువుగారికి ఇన్నేళ్లూ ఎవరి తరఫున కాపలా కాశానా అనిపించింది. గోడకవతల అక్క శ్రుతి తప్పినా నిశ్చింతగా పాడుతోంది. ఆ నిశ్చింత జోలికి వీళ్లనూ రానివ్వకూడదనుకున్నారు. బాక్స్‌ను తొట్టిలో పడేసి, బుడగలు ఆగేదాకా చూశారు.

"లాభం లేదు సార్," అన్నారు శిష్యుడితో. "అది బాప్తిస్మం తీసేసుకుంది. ఇక అబద్ధాలాడదు."