అక్క వెతుకుతోంది

మా కళ్ళద్దాల షాపు బస్టాండుకి వెళ్ళే వీధిలో, మందుల దుకాణానికీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో ఫ్రేములు, అద్దాలు, కౌంటరు మీద కంప్యూటరు. వెనక కిటికీ లేని చిన్న గది. కళ్ళ డాక్టరు వచ్చిన రోజున అక్కడ కూర్చుని పరీక్షలు చేస్తాడు. మిగతా రోజులన్నీ ఆ గది మా పాపది. పాపంటే మా అక్క కూతురు. బడి వదిలాక వాళ్ళ నాన్న వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది. అక్షరాలు వెలిగే పెట్టె ముందు ఎత్తు కుర్చీలో కూర్చుని, తనకింకా రాని అక్షరాలకి తనే పేర్లు పెట్టుకుంటూ ఆడుకుంటుంది.

నా పని లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. కంప్యూటరంటే నాకు ఆమడ దూరం. అందులో కొత్త బ్రౌజరు ఎక్కించింది అక్కే.

"పాతది నత్తలా నడుస్తోందే. ఇది చూడు, గుర్రం. పైగా ఫ్రీ."

"ఫ్రీగా వస్తే నువ్వు ఫినాయిలైనా తాగుతావు."

"తాగాక చెప్తాలే రుచెలా ఉందో," అని నవ్వింది. నాకంటూ వేరే ఖాతా తెరవడం దండగని తన ఖాతాతోనే మొదలుపెట్టేసింది. "పాస్‌వర్డులు ఇదే గుర్తుపెట్టుకుంటుంది. నువ్వు ఒక్కక్షరం కొడితే చాలు, మిగతాది ఇదే ఊహించి చూపిస్తుంది. నా ఫోన్లో నేను వెతికింది నీకిక్కడ కనిపిస్తుంది, నీది నాకక్కడ."

"అంటే నేనేం చూస్తున్నానో నీకు తెలిసిపోతుందా?"

"నువ్వు చూసే కుట్లూ అల్లికలూ ఊరంతా టముకు వేయిస్తాలే! అంత రహస్యమైతే ఇదిగో, ప్రైవేటు విండో. ఇందులో ఏం చేసినా మూసేస్తే మాయం. వెనక ఇంకెవడు చూస్తున్నాడో మాత్రం నన్నడక్కు."

అక్క నర్సు. ఏటికి అవతలి ఆసుపత్రిలో పని. రోజూ లాంచీ మీద వెళ్ళొచ్చేది. మంచు దట్టంగా పట్టిన ఒక ఉదయం ఆ లాంచీ ఇసుక పడవని గుద్దుకుని తిరగబడింది. అక్క దొరకడానికి చాలా రోజులు పట్టింది. బావ వెళ్ళి చేతి గడియారాన్ని బట్టి గుర్తుపట్టాడు. నన్ను చూడనివ్వలేదు.

ఫోను మాత్రం దొరకలేదు. దాన్ని ఏరు ఉంచేసుకుంది.

తరవాత కొన్నాళ్ళకి నేను మళ్ళీ పనిలోకి వచ్చాను. ఒక పెద్దాయన చత్వారం అద్దాల ధర అడిగితే చూద్దామని కంప్యూటరు ముందు కూర్చుని 'చ' కొట్టాను. బ్రౌజరు తన అలవాటు ప్రకారం కింద ఊహలు పరిచింది.

చలి తగ్గాలంటే ఏం చేయాలి

చెవుల్లో నీళ్ళు పోవాలంటే

చీకట్లో ఎటు నడవాలి

వాటి పక్కన సన్నటి అక్షరాలతో, 'మీ మరో పరికరం నుంచి' అని ఉంది.

పెద్దాయన "ఏమ్మా, ధర అంత భయంగా ఉందా?" అని నవ్వాడు. నేనేం చెప్పానో గుర్తు లేదు.

ఆ సాయంత్రం బావ పాపని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు చూపించాను. బావ బస్సు డ్రైవరు. ఇంకా ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు. చదివి, తన ఫోను తీసి అక్క నంబరుకి చేశాడు. ఆ నంబరు వాడుకలో లేదని ఎవరో ఆడమనిషి చెప్పింది.

"సిమ్ము నేనే రద్దు చేయించా. ఎవడో జాలరికి ఫోను దొరికుంటుంది. ఆరబెట్టుకుని వాడుకుంటున్నాడు."

"చెవుల్లో నీళ్ళ గొడవ జాలరికెందుకు బావా?"

ఆయన పాప బ్యాగు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా, "ఆ ఖాతా తీసిపారెయ్," అన్నాడు.

సరేనన్నాను. కానీ నాకు చేతులు రాలేదు.

రోజూ షాపు తెరవగానే ముందు ఆ కంప్యూటరు దగ్గరికే వెళ్ళేదాన్ని. ఏదో ఒక అక్షరం నొక్కేదాన్ని. 'ప' నొక్కితే, పిలిస్తే ఎవరూ పలకడం లేదు ఎందుకు. 'క' నొక్కితే, కాళ్ళ కింద నేల లేకపోతే ఎలా నిలబడాలి. అది అక్క గొంతే. ఏ పనైనా పద్ధతిగా అడిగి తెలుసుకుని చేసే మనిషి. ఇప్పుడు అక్కడెక్కడో ఒంటరిగా, దిక్కు తెలియక, చేతిలో ఉన్న ఆ ఒక్క వస్తువునీ అడుగుతోంది. దానికి జవాబు రావడం లేదు. నేనిక్కడ కూర్చుని చదువుతున్నాను. అంతకు మించి ఏమీ చేయలేకపోతున్నాను.

ఒకరోజు 'బ' నొక్కాను.

బడి ఎన్ని గంటలకి వదులుతారు

నాకు దుఃఖం ఆగలేదు. పేజీని మరో పరికరానికి పంపే గుర్తు ఒకటుందని అక్క చెప్పింది గుర్తొచ్చింది. పైన గడిలో రాసి పంపాను. అక్కా, ఎక్కడున్నావు?

కాసేపటికి కొత్త ట్యాబు దానంతటదే తెరుచుకుంది. అందులో ఒక్క మాట. తెలీదు.

ఇంకొకటి తెరుచుకుంది. పాప ఏది?

నా దగ్గరే, షాపులో, బాగానే ఉంది, దిగులు పెట్టుకోకు... అని రాశాను. పంపాను.

ఆ తరవాత ఏమీ రాలేదు. ఏ అక్షరం నొక్కినా అద్దాలు, ఫ్రేములు, ధరలు. అక్క మనసు కుదుటపడిందనుకున్నాను. బావకి కూడా చెప్పలేదు. చెప్పి ఆయన పుండు మళ్ళీ రేపడం ఎందుకని.

వాన పట్టిన రోజు అది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు గానీ వీధిలో అప్పుడే దీపాలు వేశారు. జల్లు లోపలికి కొడుతోందని షట్టరు నడుము దాకా దించాను. పాప వెనక గదిలో ఉంది. అక్షరాలకి పేర్లు పెడుతోంది. "నువ్వు కుర్చీ. నువ్వు గొడుగు. నువ్వు తేలు..." ఆ గొంతు వింటూ నేనొక ఫ్రేముకి మర బిగిస్తున్నాను.

కరెంటు పోయింది.

అన్ని దీపాలూ ఆరాయి. వెనక గదిలో అక్షరాల పెట్టె కూడా ఆరింది. యూపీఎస్ మీద కంప్యూటరు ఒక్కటే మిగిలి, కీచు కీచుమంటోంది. పాపకి చీకటంటే చచ్చేంత భయం. "పిన్నీ" అని కేక వేస్తుందని చూశాను.

వేయలేదు.

"పాపా?"

"ఊఁ," అంది లోపలినుంచి. నెమ్మదిగానే ఉంది.

లేవబోతూ తెర వైపు చూశాను. నేనేమీ ముట్టుకోలేదు. మధ్యలో చిన్న గడి తెరుచుకుని ఉంది. 'మీ స్థానం తెలుసుకోవడానికి అనుమతిస్తారా?' కింద రెండు బొత్తాలు. అనుమతించు. వద్దు.

వద్దు నొక్కాను. మళ్ళీ అడిగింది. వద్దు. మళ్ళీ... వద్దు, వద్దు, వద్దు. తెర పైన, కెమెరా పక్కన చుక్కంత దీపం వెలిగింది. దాన్ని వాడమని నేనెప్పుడూ చెప్పలేదు. వేలితో కప్పాను. వేలికి చల్లగా తగిలింది. తడి.

గడి దానంతటదే మాయమైంది. పటం తెరుచుకుంది.

ఏరు. ఏటి నడుమ, దారీ తెన్నూ లేని చోట, ఒక నీలం చుక్క.

అది కదిలింది. మనిషి నడిచినట్టు కాదు. ఒకచోట ఆరిపోయి, ఇంకొకచోట వెలుగుతోంది. రేవు... రేవు మెట్లు... చేపల బజారు... బావకి ఫోను చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. బస్సు నడుపుతుంటే ఎత్తడు. చుక్క మా వీధి మలుపు దగ్గర వెలిగింది.

వెళ్ళి షట్టరు గబగబా కిందికి లాగి తాళం వేశాను. లాగేటప్పుడు కింది సందులోంచి వీధి కనిపించింది. నీళ్ళు. వాన చినుకులు. ఎవరి కాళ్ళూ లేవు.

తిరిగొచ్చి కంప్యూటరు ఆపబోయాను. బొత్తాం నొక్కి పట్టుకున్నా ఆగలేదు. అక్క ఖాతాలోంచి బయటపడితే చాలనిపించింది. ప్రైవేటు విండో తెరిచాను. నల్లటి ఖాళీ పేజీ వచ్చింది. 'ఇక్కడ మీరు చేసేది ఎవరికీ కనిపించదు.' పటం లేదు, చుక్క లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

పీల్చిన ఊపిరిలో వాసన తగిలింది. బురద, డీజిలు, నానిపోయిన బట్ట.

పైన గడిలో అక్షరాలు పడుతున్నాయి. ఒక్కొక్కటీ. మెల్లగా. చలికి వేళ్ళు కొంకర్లు పోయిన మనిషి కొట్టినట్టు.

త... లు... పు...

తలుపు వేయక్కర్లేదు.

లోపలే ఉన్నా.

వెనక గదిలో పాప గుసగుసలాడుతోంది.

"...పిన్నికి చెప్పొద్దా?"

చీకట్లో కౌంటరు పట్టుకుని తడుముకుంటూ వెళ్ళాను. ఆ గది తలుపుకి గడియ లేదు, లోపలా లేదు, బయటా లేదు. తోశాను. రాలేదు. భుజంతో తోశాను. రవ్వంత లోపలికి వెళ్ళి, మళ్ళీ మెత్తగా వెనక్కి వచ్చింది. అవతల ఎవరో వీపు ఆనించి కూర్చున్నట్టు.

"పాపా! తలుపు తియ్యమ్మా!"

"ఉండు పిన్నీ," అంది పాప. "అయిపోవచ్చింది."

"అక్కా..." తలుపుకి నోరు ఆనించి అన్నాను. "అక్కా, పిల్లనేం చెయ్యకు. నీకు దణ్ణం పెడతా. అది చిన్నది... దాన్నొదిలెయ్..."

లోపల నీళ్ళ చప్పుడు. బొట్టు... బొట్టు... తరవాత ముక్కుతో తీసినట్టు సన్నటి రాగం. పాపని నిద్రపుచ్చేటప్పుడు అక్క తీసేది అదే. కానీ అది నీళ్ళలోంచి వస్తోంది. మధ్యమధ్యలో బుడగలు తేలి పగిలినట్టు ఆగుతోంది.

ఎంతసేపు తలుపుకి ఆనుకుని ఏడ్చానో తెలీదు. కరెంటు వచ్చింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఎత్తు కుర్చీలో పాప కూర్చుని ఉంది. అక్షరాల పెట్టె వెలుగుతోంది. గదిలో ఇంకెవరూ లేరు. నేల మాత్రం తడిగా ఉంది. బడి నుంచి రాగానే నేను వేసిన రెండు జడలూ విప్పేసి, దువ్వి, వీపు మీదకి ఒకే ఒక జడ గట్టిగా అల్లి ఉంది. ముట్టుకున్నాను. నీళ్ళు కారుతున్నాయి. జడ చివర రిబ్బను లేదు. ఏటి నాచు పోగు ముడి వేసి ఉంది.

"ఎవరేశారమ్మా జడ?"

"అమ్మ."

"అమ్మని చూశావా?"

పాప తల అడ్డంగా ఊపింది. "వెనక్కి తిరగొద్దంది. మొహం బాగాలేదంట. బాగయ్యాక చూపిస్తానంది." తనకి తెలిసిన పెద్ద రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "అక్కడ అమ్మ ఒక్కతే ఉండట్లేదు పిన్నీ. ఇంకా చాలామంది ఉన్నారంట. అందరూ అమ్మ ఫోనే కావాలని అడుగుతున్నారంట."

బావ వచ్చేసరికి పాపని ఒళ్ళో పెట్టుకుని షట్టరు బయట, టైలరు కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాను. జరిగింది చెప్పాను. మధ్యలో నన్నాపి, "వాన నీళ్ళేమో..." అని మొదలుపెట్టాడు. తరవాత జడ చూశాడు. ఆ నాచు ముడి వేళ్ళతో తాకి, మెట్టు మీద అలాగే కూలబడిపోయాడు.

ఆ రాత్రే ఇద్దరం కలిసి అక్క ఖాతా తీసేశాం. 'ఒకసారి తీసేస్తే మళ్ళీ తిరిగి రాదు, నిశ్చయమేనా?' అని బ్రౌజరు అడిగింది. నా చెయ్యి ఆగిపోతే బావే నొక్కాడు. పాస్‌వర్డులు, వెతుకులాటలు, అన్నీ పోయాయి. మర్నాడు కంప్యూటరు రిపేరు అతన్ని పిలిచి అందులో ఉన్నదంతా తుడిపించేశాను. అతను "ఇంత చెత్త పేరుకుంటుందని ఎవరూ అనుకోరు మేడమ్," అంటూ ఏదో చూపించబోయాడు. నేను చూడలేదు.

పాప బాగానే ఉంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. తింటోంది, ఆడుకుంటోంది, బడికి వెళ్తోంది. అమ్మ మాట ఎత్తదు. మేమూ ఎత్తం. బావకి రాత్రి డ్యూటీ పడినప్పుడు నా దగ్గరే పడుకుంటుంది.

మొన్న నాకు మెలకువ వచ్చి చూస్తే పాప వెల్లకిలా పడుకుని గాఢంగా నిద్రపోతోంది. ఎడమ చెయ్యి గుండె మీద, దేన్నో పట్టుకున్నట్టు సగం మూసి ఉంది. అందులో ఏమీ లేదు. ఆ చేతి బొటనవేలు మాత్రం కదులుతోంది. ఇటు, అటు, పైకి, మళ్ళీ ఇటు. తడబాటు లేకుండా, ఎన్నో ఏళ్ళ అలవాటున్న మనిషి వేలులా. రాయడం ఇంకా రాని పిల్ల. కాసేపు రాస్తుంది, ఆగుతుంది. జవాబు చదువుతున్నట్టు మూసిన రెప్పల కింద కళ్ళు ఎడమ నుంచి కుడికి జరుగుతాయి. చిన్నగా నవ్వుతుంది. మళ్ళీ రాస్తుంది.

ఏం రాస్తోందో, ఎవరు జవాబిస్తున్నారో నాకు తెలీదు. ఇప్పుడు చూడటానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.