మాచర్ల దాటిన బండి

“ఏసీ సర్వీసింగ్ పదకొండు గంటలకు. అప్పటిదాకా మూత తీయొద్దు.”

గడియారం డయల్ మీద ఆ అక్షరాలు రెండు సెకన్లు వెలిగి ఆరిపోయాయి. కీర్తి చేతిని తెల్లకోటు జేబులోకి తోసేసింది.

విజయవాడలో కూర్చున్న చీఫ్ మెహరున్నీసా కోడ్ భాష ఎప్పుడూ ఇంతే, ఇంట్లో పని పురమాయించినట్టు ఉంటుంది. ఏసీ సర్వీసింగ్ అంటే కమాండో టీమ్. మూత అంటే ఎదురుగా మంచం మీద నిద్రపోతున్న ఐజాజ్ నోరు. ఇప్పుడు టైము పదీ పది. ఇంకో యాభై నిమిషాలు ఆ నోరు తెరుచుకోకూడదు. తెరుచుకుంటే అందులోంచి వచ్చే మొదటి పేరు కీర్తిదే.

పిడుగురాళ్ల హైవే పక్కన సున్నం గోడౌన్ పై అంతస్తులో ఉంది ‘సుషుప్తి స్లీప్ క్లినిక్’. నిద్ర పట్టని వాళ్లకు వైద్యం అని బోర్డు. అసలు సంగతి వేరు. అది మార్టిన్ క్రోల్ అనే విదేశీ గూఢచారి అడ్డా. గోడౌన్ ఓనరు ధనుంజయరావు అతని కుడిభుజం. సాగర్ డ్యామ్ మీద షిఫ్టు డ్యూటీలతో నిద్ర చెడిన ఇంజినీర్లు ఇక్కడికొచ్చి, తలకి వైర్లు తగిలించుకుని పడుకునేవాళ్లు. క్రోల్ వాళ్ల కలల్లోంచి డ్యామ్ గేట్ల పాస్‌వర్డులు ఒక్కొక్కటే లాగి హార్డ్ డిస్క్‌లో దాచాడు. ఇవాళ పదకొండుకి ఆ డిస్క్‌తో బయల్దేరి దేశం దాటాలని అతని ప్లాన్.

ఏజెంట్ కీర్తి ఎనిమిది నెలల కింద ఇక్కడ టెక్నీషియన్‌గా చేరింది. చూడచక్కని పిల్ల, ఇంగ్లీషు దంచేస్తుంది, ఇచ్చిన పని నిమిషంలో చేసి పెడుతుంది. క్రోల్ ఆమెను తన మనిషే అనుకున్నాడు. జీతం ఇచ్చేవాడు అనుకోడా మరి! ఆ డిస్క్‌ని ఆమె చిప్‌లోకి కాపీ చేసి, ఏసీ బాగుచెయ్యడానికొచ్చే మాచర్ల మెకానిక్ ఐజాజ్ చేతిలో పెట్టింది. చిప్ చేరాల్సిన చోటికి చేరింది. మనిషి మాత్రం నిన్న సాయంత్రం దొరికిపోయాడు.

గదికి కిటికీ లేదు. గోడల నిండా స్పాంజి. బయట లారీలు బారులు తీరినా ఒక్క హారన్ లోపలికి రాదు, ఫోన్ సిగ్నల్ అసలే లేదు, చీఫ్ ఇచ్చిన ఆ గడియారానికి తప్ప ఏ కబురూ అందదు. తలుపు క్రోల్ వేలిముద్రకి తప్ప తెరుచుకోదు. ఎనిమిది నెలలు తను నడిపిన గదే ఇవాళ తనకు బోనైంది. కీర్తికి భయం వేసింది.

“కీర్తి గారూ, ఇతడు ఏ దశలో ఉన్నాడు?” వెనక నుంచి క్రోల్ గొంతు. ఆరేళ్లు పుస్తకాలు ముందేసుకుని నేర్చిన తెలుగు. తప్పు పట్టడానికి లేదు, వినడానికీ లేదు.

“N2 సార్. ఇంకా కలల్లోకి పోలేదు.”

“ఈ పర్యాయం నేనును చూచుచున్నాను.”

చూస్తాడు మరి. పొద్దున రెండుసార్లు మోసపోయాడు. ఐజాజ్‌ని నాలుగింటికి నిద్రకి వదిలారు. కీర్తి “REM వచ్చింది” అని అబద్ధం చెప్పి, రెండుసార్లూ గాఢనిద్రలో, N3లో లేపింది. REM అంటే కలల నిద్ర. ఒళ్లంతా చచ్చుబడి ఉంటుంది, రెప్పల కింద కళ్లు మాత్రం పరిగెడుతుంటాయి. అందులోంచి లేపితే కల ఇంకా నాలుక మీదే ఉంటుంది, అడిగిందల్లా చెప్పేస్తాడు. N3లోంచి లేపితే తన పేరు తనకే గుర్తురాదు. ఐజాజ్ రెండుసార్లూ “నీళ్లు” అని గొణిగి పడిపోయాడు. రెండోసారి క్రోల్ స్క్రీన్ మీద పెద్ద పెద్ద నెమ్మది అలలను గుర్తుపట్టేశాడు. పిస్తోలు తీసి టేబుల్ మీద పెట్టి, “మూడవ పొరపాటు ఉండదు” అన్నాడు.

ఇప్పుడు దాక్కోవడానికి ఆ N3 కూడా మిగల్లేదు. గాఢనిద్ర ముందు గంటల్లోనే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత గంటన్నరకోసారి వచ్చే REM పొడుగు పెరుగుతూ పోతుంది, మొదట పది నిమిషాలైతే చివర్లో ముప్పావు గంట. ఐజాజ్ పడుకుని ఆరు గంటలైంది. రాబోయేది ఆ పొడుగాటిదే.

ఒకటే దారి. ఇది కల అని ఐజాజ్‌కి కలలోనే తెలియాలి. లూసిడ్ డ్రీమ్. ఆ ఎరుక ఉంటే, లేపినప్పుడు ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుంటాడు. ఆ ఎరుక N3లో దాదాపు రానే రాదు. చివరి REMలో వచ్చే వీలు ఎక్కువ. మధ్యలో లేపి, కాసేపు మెలకువగా ఉంచి మళ్లీ పడుకోబెడితే ఇంకా ఎక్కువ. తొమ్మిదింటికి క్రోల్ ఓపిక నశించి ఐజాజ్‌ని లేపాడు, పావుగంట ప్రశ్నలు వేశాడు, చెంప మీద రెండు పీకి మళ్లీ పడుకోబెట్టాడు. ఆ పుణ్యం మాత్రం అతనిదే.

కానీ గుర్తు ఎలా చెయ్యడం? కీర్తికి మెషీన్ కొత్తగా వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ట్రయల్ కోసం ఓ మధ్యాహ్నం ఐజాజ్‌నే ఈ మంచం మీద పడుకోబెట్టింది.

“మేడమ్, నాకో కల వస్తది,” అన్నాడు వైర్లు పెట్టించుకుంటూ. “నడికుడిలో బండెక్కుతా. మాచర్ల వస్తది, బండి ఆగదు. పోతానే ఉంటది. మాచర్ల తర్వాత పట్టాలేడున్నయ్? అప్పుడు తెలిసిపోద్ది, ఓర్నీ, ఇది కల గదరా అని. ఇంక చూస్కోండి, నా ఇష్టం!”

“ఈసారి తెలిస్తే కళ్లు ఎడమకీ కుడికీ రెండుసార్లు తిప్పు. మెషీన్లో నాకు కనిపిస్తది.”

తిప్పాడు కూడా. ఆ రోజు ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

పదీ ఇరవై రెండు. స్క్రీన్ మీద గీతలు మారాయి. REM.

క్రోల్ ఓ కాగితం అందించాడు. కలలో ఉన్నవాడి చెవిలో మాటలు పోసి, కలను తనకు కావలసిన వైపు తిప్పడం అతని పద్ధతి. “మీరే చదువుడు. నా ఉచ్చారణ వినినచో ఇతడు మేల్కొనును.”

‘నీవు రైలులో ఉన్నావు. నీకు చిప్ ఇచ్చిన వ్యక్తి స్టేషన్‌లో నిలిచి ఉన్నారు. పేరు పెట్టి పిలువు.’

“తెలిసిన ఊరి పేరు వేస్తే కల నిలబడుతుంది సార్. ఇతనిది మాచర్ల.”

క్రోల్ తల ఊపాడు. “మంచి సలహా. రికార్డర్ నడుచుచున్నది, జాగ్రత్త.”

కీర్తి వంగి, మెల్లగా అంది. “ఐజాజ్, బండెక్కావు. మాచర్ల వచ్చింది. బండి ఆగలేదు. మాచర్ల దాటిపోయింది. చిప్ ఇచ్చిన మనిషి ముందు స్టేషన్లో ఉన్నారు.”

క్రోల్ ప్రతి మాటా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాడు. రైలన్నాక ఊళ్లు దాటదా? అతనికి వింతేమీ అనిపించలేదు.

పదీ ముప్పై. స్క్రీన్ మీద కళ్ల గీత ఇష్టమొచ్చినట్టు ఎగురుతోంది. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ చెప్పింది. పదీ యాభై. వీపు మీద చెమట కారుతోంది. నాయనా ఐజాజ్, బండి దిగకురా!

ఎడమ. కుడి. ఎడమ. కుడి.

కీర్తికి ఏడుపొచ్చినంత పనైంది.

“అది ఏమి?” అన్నాడు క్రోల్.

“REM బాగా ముదిరింది సార్.”

“అయితే ఇదే సమయము.” ఐజాజ్ భుజాలు పట్టుకుని కుదిపేశాడు. “చెప్పుము! స్టేషన్‌లో ఎవరు?”

ఐజాజ్ కళ్లు తెరిచాడు. నేరుగా కీర్తి మొహంలోకే చూశాడు. అతని చూపు మెల్లగా పక్కకు జరిగింది.

“తెల్లటి చేతులు...” అన్నాడు ముద్దముద్దగా. “సున్నం... ధనుంజయ బాబాయ్. చిప్ తీస్కోరా అన్నాడు.”

ఒరే గట్టివాడా! కీర్తి మొహం తిప్పుకుని స్క్రీన్ చూసింది.

తలుపు దగ్గర బెల్లు లైటు వెలిగింది. పది గంటల టీ, ఎప్పటిలాగే దాదాపు గంట లేటు. క్రోల్ వేలు పెట్టి తెరిచాడు. ట్రేలో మూడు గ్లాసులతో ధనుంజయరావు లోపలికొచ్చాడు. తలుపు మూసుకుంది.

“నీ పేరు ఇతని కలలో నుండి వచ్చినది,” అన్నాడు క్రోల్, పిస్తోలు అందుకుంటూ.

“నా పేరా? ఏంది సార్ ఈ గోల? ఏ కల?”

క్రోల్ రికార్డర్ నొక్కాడు. కీర్తి గొంతు గదంతా వినిపించింది. ధనుంజయరావు నొసలు ముడిపడ్డాయి.

“ఆపు ఆపు. మాచర్ల దాటిందేంది? మాచర్లకాడ పట్టాలే అయిపోతయ్ గదా! ఈ అమ్మాయి ఏందో నాటకం ఆడింది సార్!”

క్రోల్ తల కీర్తి వైపు తిరిగింది. పిస్తోలు కూడా సగం తిరిగింది. చూసుకుందామంటే ఆ గదిలో మ్యాపు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు.

“దొరికినోళ్లు ఏదో ఒకటి అంటారు గదా సార్,” అంది కీర్తి. “బాబాయ్ ఇప్పుడు రైలు పట్టాలు కూడా మాయం చేస్తున్నాడు.”

క్రోల్ నవ్వాడు. “రైలు మార్గము ఒక పట్టణమున అంతమగునా? నన్ను పసివాడనుకొంటివా ధనుంజయరావూ!” పిస్తోలు తిరిగి అతని ఛాతీకి గురిపెట్టాడు.

పాపం, ధనుంజయరావు ఆ గదిలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది. ఎవరూ నమ్మలేదు.

“నీకు అన్నం పెట్టినోణ్ణిరా నేను!” అని అరుస్తూ ట్రే ఎత్తి క్రోల్ మొహాన కొట్టాడు. పొగలు కక్కే టీ కళ్లలో పడింది. పిస్తోలు పేలి గుండు పైకప్పు స్పాంజిలో దిగబడింది. కీర్తి జడపిన్ను లాగింది. దాని చివర మత్తుసూది. క్రోల్ మెడలో గుచ్చి, అతను కూలేలోపు పిస్తోలు లాక్కుంది. ఐజాజ్ తలకి వైర్లు వేలాడుతుండగానే మంచం మీంచి దూకి ధనుంజయరావు కాళ్లు పట్టేశాడు.

పదకొండుకి ఐదు సెకన్లు. కీర్తి క్రోల్‌ని తలుపు దాకా ఈడ్చి, అతని వేలే పెట్టి తెరిచింది. అవతల కమాండోలు తలుపు పేల్చడానికి బటన్ మీద వేలు పెట్టి ఉన్నారు. హార్డ్ డిస్క్ క్రోల్ కోటు జేబులోనే దొరికింది.

కిందికొచ్చాక, ఎండలో నిలబడి కీర్తి గుండెల నిండా గాలి పీల్చింది. సగం సున్నం దుమ్మే, అయినా ఎంతో హాయిగా ఉంది. ఫోన్లో మెహరున్నీసా అడిగింది. “రిపోర్టులో రాయాలి. ఏ ఆయుధం వాడావు?”

“నడికుడి మాచర్ల ప్యాసింజర్, మేడమ్.”

ఫోన్ పెట్టేసి ఐజాజ్ వైపు తిరిగింది. “రేపు ఆ లైను ముందుకు పొడిగిస్తే మన పనేంది ఐజాజ్?”

ఐజాజ్ చెంప తడుముకుంటూ నవ్వాడు. “మా నాయన నిక్కర్లేసుకున్నప్పటి నుంచీ పొడిగిస్తామంటానే ఉన్నరు మేడమ్. ఇంకో ఇరవై ఏళ్లు నా కలకి ఢోకా లేదు.”