సేమ్యాకు సూది అయిందా?

"మామయ్యా, గ్యాస్ బుక్ చేసిన్రా?"

"అయిందమ్మా," అన్నాడు కిషన్ రావు పేపర్లోంచి తల ఎత్తకుండానే. కోడలు వంటింట్లోకి మళ్ళగానే మెల్లగా ఫోన్ తీసి అప్పుడు బుక్ చేశాడు.

పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న జయశ్రీ మొగుడి వంక చూసి మూతి తిప్పింది. నలభై ఏళ్ళ కాపురంలో ఈ 'అయింది' ఆమెకు కొత్తేం కాదు. సర్కారు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసిన మనిషి మరి. పెద్దసారు "ఫైలు తయారైందా?" అంటే "అయింది సార్" అనడం, సీటుకొచ్చి అప్పుడు ఫైలు విప్పడం! రిటైరైతే అందరూ పెన్షన్ తెచ్చుకుంటారు, ఈయన ఈ అలవాటును కూడా వెంటబెట్టుకొచ్చాడు. సాయంత్రానికి ఎట్లాగో పని పూర్తయ్యేది కాబట్టి అది అబద్ధమని ఎవరికీ తోచలేదు, ఆయనకు అసలే తోచలేదు.

చిక్కడపల్లి సందులో రెండో అంతస్తు వాళ్ళది. కొడుకు రాజీవ్ ఆరింటికే డ్యూటీకి వెళ్ళిపోతాడు. కోడలు త్రివేణి హిమాయత్‌నగర్‌లో ఒక కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. మనవరాలు అనూహ్యకు ఎనిమిదేళ్ళు. నెలా పది రోజుల కింద నారాయణగూడ మార్కెట్లో గోనెసంచి కింద వణుకుతున్న పిల్లిపిల్లను ఆ పిల్ల గౌనులో చుట్టుకొచ్చింది. నేతిలో వేయించిన సేమ్యా రంగు దానిది. పేరు కూడా అదే పెట్టింది.

త్రివేణి ఆ రోజే తెగేసి చెప్పింది. "చిన్నప్పుడు మా గల్లీల ఒక పిలగాడు కుక్క కరిచి పోయిండు. నా కండ్లతోని చూసిన. దీనికి రేబిస్ సూది వేయిస్తెనే ఇంట్ల ఉంటది. లేకుంటే ఎక్కడ దొరికిందో అక్కడ్నే విడిచొస్త."

ఆ పని మామగారికి అప్పజెప్పింది. ఆయన బుట్టలో పెట్టుకుని నారాయణగూడ పశువుల దవాఖానకు తీసుకెళ్ళాడు కూడా. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కడుపులో పురుగులు పోయే మందు చుక్కలు పోసి, "ఆ సూదికి ఇంకా చిన్నది పెద్దాయనా. మూడు నెలలు నిండాలె. మూడు వారాలైనంక తీసుకరాండ్రి," అని కార్డు మీద తారీకు రాసిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి అనూహ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "తాతా, అయిందా?" ఆ కళ్ళు చూశాక కాలేదని ఎట్లా చెప్తాడు? చెప్తే సేమ్యా మూడు వారాలు ఎక్కడుండాలి?

"అయింది బిడ్డా," అన్నాడు.

మూడు వారాలు గడిచాయి. ఆ రోజు మోకాలు నొప్పి. మర్నాడు వాన. ఆ తర్వాత రేపు, ఎల్లుండి. అట్లా ఇంకో పది రోజులు గడిచిపోయాయి.

"మమ్మీ!" పేపరు చదువుతున్న కిషన్ రావుకు లోపలి గదిలోంచి అనూహ్య కేక వినిపించింది.

త్రివేణి పరుగెత్తింది. అనూహ్య చెయ్యి వెనక్కి దాచుకుంది. లాగి చూస్తే బొటనవేలి కింద రెండు పళ్ళ గాట్లు, ఎర్రగా రెండు రక్తపు బొట్లు.

"దాని తప్పు లేదు మమ్మీ. ఆడుకుంటుంటే నేనే చెవి గుంజిన."

త్రివేణి మొహం తెల్లబోయింది. పిల్లను నల్లా కిందికి ఈడ్చుకెళ్ళి సబ్బు పెట్టి రుద్దింది, మళ్ళీ రుద్దింది. చాలాసేపటికి ఊపిరి తీసుకుంది.

"నయం, మామయ్య సూది వేయించిన్రు కాబట్టి సరిపోయింది. లేకుంటే నా పాణం పోతుండె," అంటూ గాటు మీద మందు రాసింది. "అత్తమ్మా, ఇయ్యాల బడి వద్దు దీనికి. నాకు టైమైంది, పోతున్న."

కిషన్ రావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. నాలుగు రోజుల కింద సేమ్యా సెల్లార్లోకి జారుకుని, చెవి చింపుకుని తిరిగొచ్చింది. దాన్ని కరిచింది ఇంకో పిల్లో, ఎలుకో, వీధి చివర తిరిగే ఆ గజ్జి కుక్కో తెలియదు. ఆయనే పసుపు అద్దాడు. ఎవరికీ చెప్పలేదు.

'ఇప్పుడే అనూహ్యను నేను మెల్లగా దవాఖానకు తీసుకుపోతే? సాయంత్రానికి అంతా అయిపోతుంది కదా?' పాత గుమాస్తా లోపలి నుంచి గొణిగాడు.

జయశ్రీ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగింది. ఈసారి మూతి తిప్పలేదు.

"ఏమండీ," అంది గొంతు తగ్గించి. "సేమ్యాకు సూది అయిందా, కాలేదా?"

కింద స్కూటీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. కిషన్ రావు లేచాడు. మోకాలి నొప్పి గుర్తు రాలేదు, చెప్పులు గుర్తు రాలేదు. రెండంతస్తులు గోడ పట్టుకుని దిగి, గేటు దాటుతున్న బండికి అడ్డం నిలబడ్డాడు.

"కాలేదమ్మా!"

త్రివేణి హెల్మెట్ తీసింది. "ఏం కాలేదు?"

"సూది. సేమ్యాకు సూది కాలేదు. ఆ దినం చిన్నదని వెయ్యలేదు. మల్ల నేను పోలేదు."

"మామయ్యా, పరాచికాలాడకండి."

"ఇంకోటుంది బిడ్డా." ఆయన బండి హ్యాండిలు పట్టుకున్నాడు. "నాలుగు దినాల కింద దాన్ని ఏందో కరిచింది. ఏం కరిచిందో తెల్వదు."

త్రివేణి బండి స్టాండేయడం మర్చిపోయింది. అది గోడకు ఒరిగింది. ఆమె మెట్టు మీద కూలబడింది. వాచ్‌మన్ మాసయ్య చూస్తున్నాడు, పైన రెండు కిటికీలు తెరుచుకున్నాయి.

"నెల నుంచి అది నా బిడ్డ పక్కల పంటున్నది!" అని అరిచింది. "నేను కార్డు కూడ అడగలే మామయ్యా. మీరు అయిందన్నరు. మీరన్నంక కార్డెందుకు అనుకున్న. ఇప్పుడు నేను గట్లనే షాపుకు పోయి ఉంటే?"

కిషన్ రావు తల వంచుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండేదనిపించింది. ఆమె తిట్టలేదు. మెట్లు రెండేసి ఎక్కి పోయి పిల్లను భుజాన వేసుకుని వచ్చి ఆటో ఆపింది. ఆయన ముందు సీట్లో డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్నాడు.

నారాయణగూడలో కుక్కకాటు సూదులిచ్చే చోట పెద్ద లైనుంది. రక్తం వచ్చింది కాబట్టి గాటు చుట్టూ కూడా మందు ఎక్కించాలన్నారు. అనూహ్య అరుపు తలుపు బయటికి వినిపించినప్పుడు కిషన్ రావు గోడకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పిల్లకు ఇంకా మూడుసార్లు సూదులు వేయించాలని, పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడాలని డాక్టరమ్మ చెప్పింది. పది రోజులు అది బాగుంటే భయం లేదంది.

తిరుగు ఆటోలో అనూహ్య ఒక్కటే అడిగింది. "తాతా, నువ్వు అబద్ధం చెప్పినవా?"

"చెప్పిన బిడ్డా."

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. సేమ్యాను బాల్కనీలో పెట్టి జాలీ తలుపు వేశారు. కిషన్ రావు స్టూలు వేసుకుని పొద్దస్తమానం దాన్నే చూసేవాడు. నీళ్ళు తాగితే దండం పెట్టేవాడు. తుమ్మితే లేచి నిలబడేవాడు. మూడో రోజు సూదికీ, ఏడో రోజు సూదికీ త్రివేణి పిల్లను తానే తీసుకెళ్ళింది. మామగారిని రమ్మనలేదు. అన్నం మాత్రం ఎప్పటిలా వేళకు పెట్టింది, అదే ఆయనకు ఎక్కువ నొప్పిగా ఉండేది.

"తప్పు నాది గూడ," అంది జయశ్రీ ఒకరోజు స్టూలు పక్కన నిలబడి. "మీరు అయింది అన్నప్పుడల్ల నవ్వుకుంట ఊకున్న. ఒక్కసారన్న కాలేదని చెప్పండి అనకపోతిని."

పదకొండో రోజు పొద్దున సేమ్యా జాలీ ఎక్కి, కిషన్ రావు కళ్ళజోడు లాగబోయింది. ఆయన నవ్వబోయి ఆగాడు. వెనకాల త్రివేణి నిలబడి ఉంది. చేతిలో బుట్ట, పిల్లి కార్డు.

"మీరే తీసుకపోండి మామయ్యా."

"నేనా?" ఆయన చేతులు ముందుకు రాలేదు. "ఇంక నన్నెట్ల నమ్ముతవమ్మా?"

త్రివేణి జాలీ తలుపు తీసి సేమ్యాను బుట్టలో పెట్టింది. "ఆ దినం మీరు చెప్పకుంటే ఎవ్వరికీ తెల్వకపోతుండె. మోకాళ్ళ నొప్పితోని, చెప్పులు గూడ లేకుండ ఉరికొచ్చిన్రు. కోపం పోలేదు నాకు. కానీ అది గూడ మర్చిపోలేదు." బుట్ట ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

పశువుల దవాఖానలో ఆ రోజు రష్ మామూలుగా లేదు. పదకొండున్నరకు ఫోన్ మోగింది.

"అయిందా మామయ్యా?"

ఆ మాట నాలుక చివరికి రానే వచ్చింది. ఇంకో అరగంటలో అయ్యేదే కదా, ఏమైతది? కిషన్ రావు దాన్ని గుటక వేసి మింగాడు.

"ఇంక కాలేదమ్మా. నా ముందర ఇంక నలుగురున్నరు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "సరే మామయ్యా. నిమ్మలంగ రాండ్రి," అంది బొంగురు గొంతుతో.

పక్కన మేకపిల్లను పట్టుకుని కూర్చున్న ఈదమ్మ అనే ఆమె ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసింది. "సూది పిల్లికి గదా సారూ, మీరెందుకు ఏడుస్తున్నరు?" అని జరిగి చోటిచ్చింది.

ముప్పావుగంట తర్వాత, బుట్టలో సేమ్యా ఇంకా గుర్రుమంటుండగానే, ఆయనే ఫోన్ చేశాడు.

"త్రివేణీ, అయిందమ్మా. ముద్ర గూడ వేసిన్రు. కార్డు ఫోటో తీసి పంపాల్నా?"

"వద్దు మామయ్యా," అంది త్రివేణి. "మీరన్నరు గదా."